పేరు రాసే అధికారం, పేరు కొట్టేసే అధికారం

(న్యాయశాస్త్ర విద్యార్థుల సదస్సులో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనం తర్వాత మొదటి ప్రసంగం నాకు అప్పగించారు. అదీ సెక్షన్లు, ఉపసెక్షన్ల మీద. వెనక వరుసలో కునుకు తీసేవారు మొహమాటపడవద్దు. వారికి షోకాజ్ నోటీసు ఇచ్చే అధికారం నాకు ఏ చట్టమూ ఇవ్వలేదు. (నవ్వులు)

2023 ఏప్రిల్‌లో ఒకరోజు రాత్రి మా బంధువుల అబ్బాయి ఫోన్ చేశాడు. గొంతులో కంగారు. "బాబాయ్, బీఆర్ఎస్‌ను ఆంధ్రలో రద్దు చేశారట, నిజమేనా? ఇక అక్కడ పోటీ చేయడానికి వీల్లేదా?" అని అడిగాడు. అప్పటికి టీవీలో వార్త గంటసేపటిగా తిరుగుతోంది. కేంద్ర ఎన్నికల సంఘం ఆ రోజు ఆమ్ ఆద్మీ పార్టీకి జాతీయ హోదా ఇచ్చింది. తృణమూల్ కాంగ్రెస్, ఎన్సీపీ, సీపీఐల జాతీయ హోదా తీసేసింది. ఆంధ్రప్రదేశ్‌లో భారత రాష్ట్ర సమితికి ఉన్న రాష్ట్ర పార్టీ గుర్తింపు కూడా ఆ ఉత్తర్వులతోనే పోయింది. వాడు విన్నది ఇదే. వాడికి అర్థమైంది మాత్రం పార్టీనే తీసేశారని.

వాడిని తప్పుపట్టలేను. పత్రికల్లో శీర్షికలు రాసేవారు కూడా ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. పోయింది గుర్తింపు. నమోదు కాదు. మీ భాషలో చెప్పాలంటే నమోదు అంటే హాజరు పట్టీలో పేరు, గుర్తింపు అంటే పరీక్షలో వచ్చిన ర్యాంకు. ర్యాంకు ఈసారి వస్తుంది, మరోసారి పోతుంది. పోయినంత మాత్రాన హాజరు పట్టీలో పేరు కొట్టేయరు. గుర్తింపును ఇవ్వడం, తీసేయడం రెండూ 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వులో ఓట్ల శాతాలతో, సీట్ల లెక్కలతో స్పష్టంగా ఉన్నాయి. ఎన్నికల ప్రవర్తనా నియమావళిని పాటించని పార్టీ గుర్తింపును సస్పెండ్ చేసే అధికారం కూడా 1994లో చేర్చిన 16ఏ పేరాలో ఉంది. అక్కడ పెద్ద పేచీ లేదు.

పేచీ అంతా హాజరు పట్టీ దగ్గరే. అందులో పేరు ఎలా రాయాలో ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29ఏ సెక్షన్ తొమ్మిది ఉపసెక్షన్లలో చెప్పింది. పేరు ఎప్పుడు, ఎలా, ఎవరు కొట్టేయాలో ఆ తొమ్మిదింటిలో ఒక్క మాట లేదు. అయినా 2025 ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో 808 పేర్లు కొట్టేశారు. ఆ మౌనానికీ ఈ అంకెకూ మధ్య ఏం జరిగిందన్నదే ఈ రోజు నా ప్రసంగం.

ముందు ఒక మూలప్రశ్న. పదిమంది కలిసి ఒక జెండా పట్టుకుంటే ప్రభుత్వం దగ్గర పేరు రాయించుకోవడం ఎందుకు? రాజ్యాంగం 19వ అధికరణ సంఘాలు పెట్టుకునే హక్కు ఇవ్వనే ఇచ్చింది కదా? మంచి ప్రశ్నే. బ్రిటన్‌లో 1998 దాకా పార్టీల నమోదుకు చట్టమే లేదు. పార్లమెంటరీ వ్యవస్థకు తల్లి అని చెప్పుకునే దేశం అది. 1994లో ఐరోపా పార్లమెంటు ఎన్నికల్లో డెవాన్ ప్రాంతంలో ఒక అభ్యర్థి తన పేరు పక్కన 'లిటరల్ డెమోక్రాట్' అని రాయించుకున్నాడు. అసలు పార్టీ పేరు 'లిబరల్ డెమోక్రాట్'. ఒక్క అక్షరం తేడా. ఆ పెద్దమనిషికి 10,203 ఓట్లు పడ్డాయి. అసలు లిబరల్ డెమోక్రాట్ అభ్యర్థి 700 ఓట్ల తేడాతో ఓడిపోయాడు. కోర్టుకెక్కినా ఫలితం మారలేదు, ఎందుకంటే ఆయన ఏ చట్టాన్నీ ఉల్లంఘించలేదు. నాలుగేళ్ల తర్వాత అక్కడ పార్టీల నమోదు చట్టం వచ్చింది. నమోదు పుట్టింది ఇందుకు: బ్యాలెట్ మీద ఓటరు మోసపోకుండా పేరుకు కాపలా కాయడానికి. పార్టీ మంచిదా చెడ్డదా అని తేల్చడానికి కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మన దగ్గర కాపలా పేరుకంటే ముందు బొమ్మకు అవసరమైంది. 1951-52 ఎన్నికల నాటికి ఓటర్లలో అత్యధికులకు చదువు రాదు. కాడెద్దుల జత, గుడిసె, కంకి కొడవలి చూసి ఓటు వేయాలి. ఏ బొమ్మ ఎవరిదో ఎవరో ఒకరు రాసిపెట్టుకోవాలి. ఆ ఎన్నికలకు 14 పార్టీలను జాతీయ పార్టీలుగా పరిగణించారు, ఫలితాల తర్వాత నాలుగే మిగిలాయి. అప్పుడు నమోదుకు చట్టం లేదు. రాజ్యాంగంలో 'రాజకీయ పార్టీ' అనే మాట కూడా లేదు. అది 1985లో ఫిరాయింపుల నిషేధం కోసం పదో షెడ్యూలు చేర్చినప్పుడే రాజ్యాంగంలోకి వచ్చింది. పార్టీ మారితే పదవి పోతుందని చెప్పిన తర్వాత, పార్టీ అంటే ఏది అని అడిగితే జవాబుండాలి కదా. నాలుగేళ్లకు, 1989 జూన్ 15 నుంచి 29ఏ అమల్లోకి వచ్చింది.

ఆ సెక్షన్ ఏమడుగుతుంది? సంఘం ఏర్పడిన 30 రోజుల్లో దరఖాస్తు ఇవ్వాలి. పేరు, ప్రధాన కార్యాలయం చిరునామా, అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఎవరు, సభ్యులెందరు వంటి వివరాలు ఇవ్వాలి. దీనికి తోడు ఎన్నికల సంఘం తన మార్గదర్శకాల్లో మరికొన్ని చేర్చింది: పది వేల రూపాయల రుసుము, కనీసం వందమంది ఓటర్ల అఫిడవిట్లు, పత్రికల్లో ప్రకటన, అభ్యంతరాలకు గడువు.

వంద అఫిడవిట్లంటే కాగితం మీద చిన్న మాట. చాలా ఏళ్ల కింద ఒక చిన్న బృందం పార్టీ నమోదు కోసం నా దగ్గరికి వచ్చింది. విశ్రాంత ఉపాధ్యాయులు, కొందరు రైతులు. రెండు సంచుల నిండా కాగితాలు. ఒక్కో అఫిడవిట్‌లో తాను ఫలానా నియోజకవర్గంలో ఓటరునని, మరే రిజిస్టర్డ్ పార్టీలోనూ సభ్యుడిని కాదని రాసి సంతకం చేయాలి. ఒక పెద్దాయన ఆ రెండో వాక్యం దగ్గర పెన్ను ఆపేశారు. "నలభై ఏళ్ల కింద మా ఊళ్లో ఒక పార్టీవాళ్లు నా పేరున సభ్యత్వ రసీదు కోశారండి. నేను రూపాయి ఇచ్చిన గుర్తు కూడా లేదు. ఇప్పుడు నేను ఆ పార్టీలో ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగారు. నేను ఎన్నో కేసులు వాదించాను గానీ ఇంత కష్టమైన ప్రశ్న ఎవరూ వేయలేదు. రాజీనామా ఇద్దామంటే ఆ పార్టీ చీలి, విలీనమై, పేరు మారి, ఇప్పుడు ఏ ఆఫీసుకు పంపాలో తెలియదు. చివరికి ఆయన్ని పక్కన పెట్టి నూట ఒకటో మనిషి అఫిడవిట్ తెచ్చుకున్నాం.

ఇక అయిదో ఉపసెక్షన్. పార్టీ నియమావళిలో ఒక ప్రతిజ్ఞ ఉండి తీరాలి. రాజ్యాంగం పట్ల విశ్వాసం, విధేయత. సామ్యవాదం, లౌకికవాదం, ప్రజాస్వామ్యం అనే సూత్రాల పట్ల నిబద్ధత. దేశ సార్వభౌమత్వం, ఐక్యత, సమగ్రతలను నిలబెడతామన్న హామీ. ఇది లేకపోతే నమోదు లేదు. ప్రతి పార్టీ ఈ వాక్యాన్ని చట్టం నుంచి అక్షరం పొల్లు పోకుండా దించుకుంటుంది. ఇక్కడ నాకెప్పుడూ ఒక సందేహం వస్తుంది. 1959లో కాంగ్రెస్ నాగపూర్ మహాసభ సహకార వ్యవసాయ తీర్మానం చేసినప్పుడు దాన్ని ఎదిరిస్తూ స్వతంత్ర పార్టీ పుట్టింది. మొదటి అధ్యక్షుడు మన ఆచార్య ఎన్.జి. రంగా. రాజాజీ, రంగా ఇద్దరూ స్వాతంత్ర్య సమరయోధులే. వారి పార్టీ పుట్టిందే సామ్యవాద విధానాన్ని కాదనడానికి. 29ఏ ఆనాడే ఉంటే రంగా గారు ఆ ప్రతిజ్ఞ మీద సంతకం పెట్టేవారా? పెడితే అబద్ధం. పెట్టకపోతే లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షంగా ఎదిగిన ఒక పార్టీ రిజిస్టర్ కూడా అయ్యేది కాదు. ప్రతిజ్ఞలు రాసేటప్పుడు చట్టసభలు ఇంత దూరం ఆలోచించవు.

సరే, ఏడో ఉపసెక్షన్ ప్రకారం దరఖాస్తుదారు వాదన వినే అవకాశం ఇచ్చి ఎన్నికల సంఘం నిర్ణయిస్తుంది. ఎనిమిదో ఉపసెక్షన్: ఆ నిర్ణయమే అంతిమం. ఈ 'అంతిమం' అన్న మాట ఎంత పని చేసిందో ఇప్పుడు చూద్దాం.

కేరళలో బంద్‌ల గొడవ మీరు చదివే ఉంటారు. 1997లో అక్కడి హైకోర్టు బలవంతపు బంద్‌లు రాజ్యాంగ విరుద్ధమంది, సుప్రీంకోర్టు సమర్థించింది. అయినా పార్టీలు బంద్‌లు ఆపలేదు, పేరు మార్చి హర్తాళ్ అన్నాయి. అప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థ, ఇలా రాజ్యాంగాన్ని ఉల్లంఘించే పార్టీల నమోదు రద్దు చేయాలని వ్యాజ్యం వేసింది. ఫిర్యాదును విచారించే అధికారం ఎన్నికల సంఘానికి ఉందని హైకోర్టు చెప్పింది. పార్టీలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 2002 మేలో తీర్పు వచ్చింది: భారత జాతీయ కాంగ్రెస్ (ఐ) వర్సెస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ వెల్ఫేర్. పరీక్షకు కాకపోయినా జీవితానికి ఈ తీర్పు చదవండి.

వాదన వినడానికి సులువైనది. ఇచ్చినవాడికి తీసుకునే హక్కు ఉండదా? జనరల్ క్లాజెస్ చట్టం 21వ సెక్షన్ కూడా అదే చెబుతుంది: ఉత్తర్వు ఇచ్చే అధికారంలోనే దాన్ని మార్చే, రద్దు చేసే అధికారం ఇమిడి ఉంటుంది. కోర్టు ఒప్పుకోలేదు. కారణం ఇది. పార్టీని నమోదు చేసేటప్పుడు ఎన్నికల సంఘం గుమాస్తా పని చేయడం లేదు. కాగితాలు చూసి, అభ్యంతరాలు విని, వాదనలు తూచి, ఒక నిర్ణయం ప్రకటిస్తోంది. అంటే న్యాయాధికారి చేసే తరహా పని. మున్సిఫ్ కోర్టు న్యాయమూర్తి ఇచ్చిన డిక్రీని మరునాడు మనసు మారి ఆయనే చింపేయలేరు. చట్టం పునస్సమీక్ష అధికారం ఇస్తే తప్ప. 29ఏ ఇవ్వలేదు. కాబట్టి 21వ సెక్షన్ ఇక్కడ వర్తించదు.

అయితే కోర్టు మూడు కిటికీలు తెరిచి ఉంచింది. మోసంతోనో ఫోర్జరీతోనో నమోదు సంపాదిస్తే, ఆ నమోదు రద్దు చేయవచ్చు. పార్టీ తన నియమావళిని మార్చి ఆ ప్రతిజ్ఞను తీసేస్తే, లేదా ఇక మాకు రాజ్యాంగం మీద విశ్వాసం లేదని తానే రాసి పంపితే, రద్దు చేయవచ్చు. మూడోది, అలాంటి మరేదైనా కారణం ఉండి, దాని మీద ఎన్నికల సంఘం విచారణ జరపవలసిన అవసరమే లేకపోతే. ఉదాహరణకు చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం కింద ప్రభుత్వం ఆ సంఘాన్నే నిషేధించినప్పుడు.

మూడో కిటికీలో 'విచారణ అవసరం లేని' అన్న మాట కింద గీత గీసుకోండి. ఇరవై మూడేళ్లుగా కథంతా ఆ గీత మీదే నడుస్తోంది.

ఎన్నికల సంఘానికి ఈ లోటు తెలుసు. 1998 నుంచి అది కేంద్రాన్ని అడుగుతూనే ఉంది, రద్దు అధికారం మాకివ్వండని. 2004లో అడిగింది, 2016లో అడిగింది. 2015లో లా కమిషన్ 255వ నివేదికలో వరుసగా పదేళ్లు ఏ ఎన్నికల్లోనూ పోటీ చేయని పార్టీల నమోదు రద్దుకు చట్టసవరణ చేయాలని సిఫారసు చేసింది. పార్లమెంటు ముట్టుకోలేదు. ఎందుకంటే నన్నడగకండి, చట్టం చేయవలసినవారు, చట్టం వర్తించేవారు ఒకరే అయినప్పుడు ఫైలు ఎంత వేగంగా కదులుతుందో మీకు తెలుసు.

ఈలోగా జాబితా ఉబ్బిపోయింది. 2001లో గుర్తింపు లేని రిజిస్టర్డ్ పార్టీలు 694. 2021 సెప్టెంబర్ నాటికి 2,796. ఇంత ప్రజాస్వామ్య ఉత్సాహమా అని సంతోషించే ముందు, నమోదుతో ఏం వస్తుందో చూడండి. ఆదాయపు పన్ను చట్టం కింద విరాళాల ఆదాయానికి పన్ను మినహాయింపు. విరాళమిచ్చినవారికీ మినహాయింపు. ఇరవై వేల రూపాయలకు మించిన విరాళాల వివరాలే ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. షరతులకు లోబడి అభ్యర్థులందరికీ ఒకే గుర్తు కోరవచ్చు. ఎన్నికల బరిలో ఒక్క అభ్యర్థిని దింపకపోయినా పన్ను మినహాయింపు తెచ్చిపెట్టే విరాళాల రసీదు పుస్తకం ఒకటి చేతిలో ఉంటుంది. చెక్కు రూపంలో విరాళం తీసుకుని, కమీషన్ పట్టుకుని, మిగతాది నగదుగా తిరిగి ఇచ్చేవారి మీద 2022లో ఆదాయపు పన్ను శాఖ దాడులు జరిగినప్పుడు 'లెటర్‌హెడ్ పార్టీ' అన్న మాట వార్తల్లో మోగిపోయింది.

ఆ రోజుల్లోనే కుతూహలం ఆపుకోలేక, జాబితాలో కనిపించిన ఒక పార్టీ చిరునామా వెతుక్కుంటూ వెళ్లాను. మూడంతస్తుల ఇల్లు, పై అంతస్తులో ఇనుప జాలీ తలుపు, దానికి తుప్పుపట్టిన తాళం. జాలీ సందులోంచి లోపల పడిన ఉత్తరాలు నేల మీద పరచుకుని ఉన్నాయి. పైనున్న కవరు మీద ప్రభుత్వ సేవ ముద్ర కనిపిస్తోంది. ఇంటి యజమానిని అడిగితే, "ఆ గదా? ఎన్నికల ముందు రెండు నెలలు అద్దెకు తీసుకున్నారండి. ఫ్లెక్సీ కట్టారు, ఫొటో తీసుకున్నారు, వెళ్లిపోయారు. కరెంటు బిల్లు నేనే కట్టుకున్నాను" అన్నాడు. ఆ పార్టీ దేశ సమగ్రతను కాపాడతానని ప్రతిజ్ఞ చేసింది. ఇంటాయన కరెంటు బిల్లు సంగతి ప్రతిజ్ఞలో లేదు. (నవ్వులు)

ఇలాంటి వాటిని ఏం చేయాలి? ఇక్కడ ఎన్నికల సంఘం ఒక తెలివైన దారి పట్టింది. 'రద్దు' అనలేదు, 'జాబితా నుంచి తొలగింపు' అంది. 2016లో ఉనికిలో లేవని తేలిన 255 పార్టీలను తొలగించింది. 2022లో మేలో 87, జూన్‌లో 111, సెప్టెంబర్‌లో 86. అవి కాక 253 పార్టీలను క్రియారహితమని ప్రకటించింది. అప్పటి ఆధారం తొమ్మిదో ఉపసెక్షన్: చిరునామా, పదాధికారులు మారితే వెంటనే తెలియజేయాలి. ఉత్తరం పంపితే తిరిగి వచ్చింది, క్షేత్రస్థాయిలో చూస్తే అక్కడ ఎవరూ లేరు. 2025 ఆగస్టులో అడుగు మరింత ముందుకు పడింది. 2019 నుంచి ఆరేళ్లపాటు ఒక్క ఎన్నికలోనూ పోటీ చేయని 345 పార్టీల మీద పరిశీలన మొదలుపెట్టి, నోటీసులిచ్చి, 334 పేర్లు తొలగించారు. సెప్టెంబర్‌లో మరో 474. మరో 359 పార్టీలకు వేరే కారణంతో నోటీసుల ప్రక్రియ మొదలైంది: మూడేళ్లుగా ఆడిట్ చేసిన లెక్కలు ఇవ్వలేదు, పోటీ చేసినా ఖర్చు వివరాలు ఇవ్వలేదు.

ఈ మూడు కారణాలనూ ఒకే గాటన కట్టకూడదని నా అభిప్రాయం. మొదటిది: పార్టీ లేనే లేదు. చనిపోయిన ఓటరు పేరు ఓటర్ల జాబితా నుంచి తీసేస్తే ఓటు హక్కును హరించినట్టు కాదు. ఉన్న స్థితిని రాసుకోవడమే. తాళం, తిరిగి వచ్చిన ఉత్తరం కనిపిస్తూనే ఉన్నాయి కాబట్టి మూడో కిటికీలోంచి ఇది ఇబ్బంది లేకుండా పడుతుంది. నాకు అభ్యంతరం లేదు.

రెండోది: పార్టీ ఉంది, పోటీ చేయలేదు. ఇక్కడ నేల మెత్తబడుతుంది. పోటీ చేసి తీరాలని 29ఏ ఎక్కడా చెప్పలేదు. నమోదు సమయంలో అయిదేళ్లలో ఎన్నికల సంఘం నిర్వహించే ఎన్నికల్లో పోటీ చేస్తామని హామీ రాయించుకోవడం మార్గదర్శకాల్లోది. మార్గదర్శకం తప్పినందుకు చట్టం ఇచ్చిన నమోదు పోతుందా? పైగా 'ఎన్నికల సంఘం నిర్వహించే' అన్న మాట చూడండి. పురపాలక, జిల్లా పరిషత్ ఎన్నికలు నిర్వహించేది రాష్ట్ర ఎన్నికల సంఘాలు, అవి వేరే రాజ్యాంగ సంస్థలు. ఒక పార్టీ అయిదారు మున్సిపాలిటీల్లో నీటి సమస్య మీదే పనిచేస్తూ, ప్రతిసారీ నాలుగు వార్డులు గెలుస్తూ, అసెంబ్లీ జోలికి పోలేదనుకోండి. అది చచ్చిన పార్టీయా? నన్నడిగితే చాలా పెద్ద పార్టీలకంటే ప్రాణమున్న పార్టీ. లేదా ఒక సిద్ధాంతం కోసం ఎన్నికలను బహిష్కరించిందనుకోండి. ఇవన్నీ తేల్చాలంటే విచారణ కావాలి. విచారణ కావాలంటే మూడో కిటికీ మూసుకున్నట్టే. తొలగించిన పార్టీలకు 30 రోజుల్లో అప్పీలు చేసుకునే వీలు ఇచ్చారు, అది మంచిదే. కానీ తొలగింపు ఉత్తర్వు ఇచ్చినవారి దగ్గరికే అప్పీలు. ఆలోచించండి.

మూడోది, లెక్కలు ఇవ్వని పార్టీలు. నైతికంగా అన్నిటికంటే నేరం పెద్దది ఇదే, చట్టపరంగా అన్నిటికంటే ఆధారం బలహీనమైనదీ ఇదే. లెక్కలివ్వకపోతే పన్ను మినహాయింపు పోతుందని చట్టం చెబుతోంది. ఆ శిక్ష వేయండి, కఠినంగా వేయండి. నమోదే పోతుందని మాత్రం పార్లమెంటు చెప్పలేదు.

(సభలోంచి ఒక విద్యార్థిని: "సర్, ద్వేషం రెచ్చగొట్టే పార్టీల సంగతేమిటి? లెక్కలివ్వనివాటికంటే అవే ప్రమాదం కదా?")

ప్రమాదమేనమ్మా. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న మజ్లిస్ పార్టీ నమోదు రద్దు చేయాలంటూ వేసిన పిటిషన్ దాదాపు ఈ రూపంలోనే వచ్చింది. ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, 2025 జులైలో సుప్రీంకోర్టు కూడా దాన్ని విచారణకు తీసుకోలేదు. మరో వైపు చూడండి: 2022 సెప్టెంబర్‌లో పాపులర్ ఫ్రంట్ ఆఫ్ ఇండియా (పీఎఫ్ఐ) అనే సంస్థను కేంద్రం నిషేధించింది, దాని రాజకీయ విభాగమని పేరుపడ్డ, ఎన్నికల సంఘంలో నమోదైన ఎస్డీపీఐ పార్టీ ఆ నిషేధపు జాబితాలో లేదు, దాని నమోదు కొనసాగింది. ఒక పార్టీ భావాలు రాజ్యాంగ విరుద్ధమా అన్నది తేల్చే బాధ్యత ఎన్నికలు నిర్వహించే సంస్థకు అప్పగిస్తే ఏమవుతుందో ఒకసారి పొరుగు దేశాల వైపు చూడండి.

బంగ్లాదేశ్‌లో జమాతే ఇస్లామీ నమోదు చెల్లదని 2013లో హైకోర్టు చెప్పింది. 2018లో అక్కడి ఎన్నికల సంఘం గెజిట్ ఇచ్చింది. 2025 జూన్ 1న సుప్రీంకోర్టు అప్పీలు విభాగం ఆ తీర్పును తోసిపుచ్చింది, నమోదు తిరిగి వచ్చింది. దానికి ఇరవై రోజుల ముందు, మే 12న, అంతకు ముందు ఏడాది దాకా అధికారంలో ఉన్న అవామీ లీగ్ నమోదును ఎన్నికల సంఘం సస్పెండ్ చేసింది. ఒకరి ఏలుబడిలో ఒకరి పేరు పోయింది, అది పోయాక మరొకరి పేరు పోయింది. థాయ్‌లాండ్‌లో 2020లో ఫ్యూచర్ ఫార్వర్డ్, 2024లో మూవ్ ఫార్వర్డ్. ఎన్నికల సంఘం పిటిషన్ వేసింది, రాజ్యాంగ న్యాయస్థానం రద్దు చేసింది. రెండోది అంతకు ముందు ఏడాదే ఎన్నికల్లో అత్యధిక సీట్లు గెలిచిన పార్టీ. జర్మనీ హిట్లర్ తర్వాత పుట్టిన రాజ్యాంగం కాబట్టి నిషేధానికి తలుపు తెరిచే ఉంచింది, కానీ తాళంచెవి రాజ్యాంగ న్యాయస్థానం ఒక్కదానికే ఇచ్చింది. అది 1952లో ఒకసారి, 1956లో ఒకసారి తెరుచుకుంది. 2017లో నవనాజీ భావాల పార్టీ ముందుకొస్తే, ఉద్దేశం దుర్మార్గమే గానీ సాధించే శక్తి లేదని కోర్టు నిషేధానికి నిరాకరించింది. బ్రిటన్‌లో నమోదు ఎందుకు పుట్టిందో చెప్పాను కదా: పేరుకు కాపలా. కాపలాదారు చేతికి తీర్పు రాసే కలం ఇవ్వకూడదు. మీరు చెప్పిన పార్టీల నాయకుల మీద నేర చట్టాలున్నాయి, అవినీతికర ఎన్నికల పద్ధతుల కింద అభ్యర్థి ఎన్నికనే రద్దు చేసే వీలుంది. ఆ దారులు నెమ్మది. తెలుసు.

ఈ విషయంలో నాకు బాగా పనికొచ్చిన దేశం నైజీరియా. మొదట అక్కడి ఎన్నికల కమిషన్ నమోదుకు సొంతంగా అదనపు షరతులు పెట్టింది. రాజ్యాంగం అడగనిది మీరెలా అడుగుతారని 2003లో సుప్రీంకోర్టు కొట్టేసింది. గేట్లు తెరుచుకున్నాయి. 2019 అధ్యక్ష ఎన్నికలకు 91 పార్టీలు, 73 మంది అభ్యర్థులు. అప్పటికే రాజ్యాంగాన్ని సవరించి 225ఏ సెక్షన్ చేర్చుకున్నారు: కనీసం ఇన్ని ఓట్లు, లేదా కనీసం ఒక్క వార్డు, ఒక్క సీటు; ఏదీ లేకపోతే నమోదు రద్దు. 2020 ఫిబ్రవరిలో కమిషన్ ఒకేసారి 74 పార్టీలను తీసేసింది. కోర్టుల్లో పెద్ద యుద్ధమే జరిగింది గానీ 2021లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఒకే కమిషన్, ఒకే దేశం. కొలబద్ద తనంతట తాను తయారు చేసుకున్నప్పుడు ఓడిపోయింది, రాజ్యాంగం ఇచ్చినప్పుడు గెలిచింది. ఆ కొలబద్ద చిన్న పార్టీలకు మరీ కఠినమని నేననుకుంటాను, కానీ అది ఎవరు రాయాలో వారే రాశారు.

మనకూ ఇలాంటి అనుభవం ఉంది, పార్టీల విషయంలో కాదు, అభ్యర్థుల విషయంలో. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన జనం దేశం దృష్టికి తమ గోడు తీసుకురావడానికి నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. అప్పుడు ఎన్నికల సంఘం తనంతట తాను ఎవరి పేరూ కొట్టేయలేదు. ఆ ఏడాదే పార్లమెంటు చట్టం సవరించి, లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. ఆ పెంపు న్యాయమా అన్నది వేరే చర్చ. 2019లో నిజామాబాద్‌లో పసుపు రైతులు ఆ పది వేలు కాదు, ఇరవై అయిదు వేలు కట్టి మరీ 170 మందికి పైగా బరిలో నిలిచారు. మాటవరసకు చెప్పాను, విషయానికి వస్తాను.

29ఏకు పదో ఉపసెక్షన్ కావాలి. అందులో రద్దుకు కారణాలు మూడు నాలుగుకు మించకూడదు, ప్రతి కారణమూ కాగితం చూసి తేల్చగలిగినదై ఉండాలి. చిరునామాలో లేకపోవడం. వరుసగా ఇన్నేళ్లు లెక్కలివ్వకపోవడం. పోటీ చేయకపోవడం పెట్టాలనుకుంటే లా కమిషన్ అన్న పదేళ్లు పెట్టండి, స్థానిక ఎన్నికలను కూడా లెక్కలోకి తీసుకోండి. మోసం ఎలాగూ ఉంది. భావజాలం గురించి ఒక్క ముక్క ఉండకూడదు. అప్పీలు హైకోర్టుకు ఉండాలి. తొలగించిన పార్టీ ఖాతాలో మిగిలిన డబ్బు ఏమవుతుందో కూడా రాయాలి. 808 పేర్లు తొలగించినప్పుడు ఆ ప్రశ్న గట్టిగా అడిగినవారు నాకు కనిపించలేదు, నాకన్నిటికంటే ఆసక్తి దాని మీదే.

మీ ప్రొఫెసర్ గారితో మాట్లాడాను. టీ విరామం తర్వాత నాలుగు జట్లుగా కూర్చుని ఆ పదో ఉపసెక్షన్ ముసాయిదా రాయండి. వంద పదాలకు మించకూడదు. ఒక జట్టు మాత్రం తొలగించబడిన పార్టీ తరఫు న్యాయవాదిగా కూర్చుని మిగతా మూడు ముసాయిదాల్లో కన్నాలు వెతకాలి. ఆ జట్టులో నేనుంటాను.